పార్కింగ్ యాప్ మీద సైబర్ దాడి జరిగితే: గేటు దగ్గర చేయాల్సినవి, ఇంటికొచ్చాక చేయాల్సినవి

పోయిన వేసవిలో మా చిన్నాయనకు కంటి ఆపరేషన్ చేయించడానికి అనంతపురం నుంచి బెంగళూరు తీసుకెళ్లాను. సాయంత్రం డిశ్చార్జ్ చేశాక కిందికి వస్తే పార్కింగ్ గేటు దగ్గర పది పదిహేను కార్లు ఆగిపోయి ఉన్నాయి. అక్కడ డబ్బులు ఒక యాప్‌లోనే కట్టాలి, కడితేనే గేటు లేస్తుంది. యాప్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంది. వెనక హారన్లు. పక్క సీట్లో కంటికి పట్టీతో చిన్నాయన, "ఏమైందప్పా, ఇంకా కదల్లేదే" అంటున్నాడు. 80 రూపాయలు కట్టాను. బ్యాంకు మెసేజ్ వచ్చింది కానీ గేటు లేవలేదు. మళ్లీ కట్టాను. మూడోసారీ కట్టాను. 240 రూపాయలు పోయాక సెక్యూరిటీ అతనే గేటును చేత్తో ఎత్తి అందరినీ పంపేశాడు.

రెండు రోజులకు ఆ యాప్ నుంచి మెసేజ్ వచ్చింది. సర్వర్ల మీద సైబర్ దాడి జరిగిందట, ఇప్పుడు అంతా మామూలుగా నడుస్తోందట. నెలన్నర తర్వాత నా వాట్సాప్‌కు ఒక ట్రాఫిక్ చలాన్ వచ్చింది. మా కారు నంబరు, నా పేరు ఉన్నవి ఉన్నట్టు ఉన్నాయి. చలాన్ మాత్రం దొంగది.

టవర్ క్లాక్‌కు దగ్గర్లో నాకు చిన్న ఆన్‌లైన్ సర్వీసుల షాపు ఉంది. ఇలాంటి మెసేజ్ నొక్కి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఫిర్యాదు పెట్టించుకోవడానికి వస్తుంటారు. కూతురి ఫీజు కోసం దాచిన డబ్బు పోయిన మనిషి ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే కీబోర్డు మీద చేతులు ఆడవు. అందుకే ఈ పనులన్నీ ఒక వరసలో రాస్తున్నాను. దాడి జరిగిన రోజు మనకు పోయేది ఎనభయ్యో నూరో. పెద్ద దెబ్బ తగిలేది ఆ కంగారులో నొక్కే రెండో బటన్ దగ్గర, కొన్ని వారాల తర్వాత వచ్చే మెసేజ్ దగ్గర.

మన ఊళ్లో స్టాండులో చీటీయే కదా ఇస్తారు, యాప్‌తో మనకేం పని అనుకోవద్దు. ఆ చీటీ పుస్తకం పక్కనే క్యూఆర్ కార్డు వేలాడుతోంది. పైగా ఆసుపత్రికో, పిల్లల కాలేజీకో, ఎయిర్‌పోర్టుకో నెలకోసారైనా బెంగళూరు, హైదరాబాద్ వెళ్లని ఇల్లు మన దగ్గర తక్కువ.

1. ఒకసారి కట్టాక రెండోసారి నొక్కకండి

మీరు కట్టిన డబ్బు మీ యూపీఐ యాప్ నుంచి మీ బ్యాంకుకు, అక్కడి నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థ ద్వారా పార్కింగ్ వాళ్ల బ్యాంకుకు వెళ్తుంది. "ఈ బండి డబ్బు కట్టింది, గేటెత్తు" అని చెప్పేది మాత్రం పార్కింగ్ కంపెనీ సర్వరు. దాడి జరిగేది ఎక్కువగా ఈ సర్వరు మీదే. లక్షల దొంగ రిక్వెస్టులు ఒకేసారి పంపి దానికి ఊపిరాడకుండా చేస్తారు. లేదంటే లోపలికి దూరి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడుగుతారు, దీన్నే రాన్సమ్‌వేర్ అంటారు. రెండు రకాల్లోనూ డబ్బు దారి తెరిచే ఉంటుంది, కబురు దారి మూసుకుపోతుంది. నా డబ్బు మూడుసార్లు వెళ్లింది ఇలాగే.

కాబట్టి ఒకసారి కట్టాక గేటు లేవకపోతే ముందు మీ యూపీఐ యాప్‌లో హిస్టరీ తెరవండి. అక్కడ సక్సెస్ అని ఉంటే మీ డబ్బు చేరింది, ఇక మాట్లాడాల్సింది మనుషులతో. పెండింగ్ అని ఉంటే దాని దారిన దాన్ని వదిలేయండి, అది తేలకముందే ఇంకోటి పంపితే రెండూ వెళ్లొచ్చు. ఫెయిల్డ్ అని స్పష్టంగా ఉంటేనే మళ్లీ కట్టే ఆలోచన చేయండి.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఇంట్లోవాళ్లకు ఒక రూపాయి పంపి చూడండి. వెళ్తే మీ బ్యాంకు, యూపీఐ బాగున్నట్టే, తేడా పార్కింగ్ యాప్‌లో ఉంది. వెళ్లకపోతే తేడా ఇంకా పైన ఉంది. 2024 జులై 31న అలాగే జరిగింది. చిన్న బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ సేవలందించే సీ-ఎడ్జ్ అనే కంపెనీ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగితే, అది మిగతా వాటికి పాకకుండా ఎన్‌పీసీఐ దాన్ని పక్కకు తప్పించింది. సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు ఆగిపోయాయి. ఆ మర్నాటికి సర్దుకుంది. ఆగిన ప్రతిసారీ దాడే అనుకోనక్కర్లేదు కూడా. 2025 ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ తడబడింది, దానికి కారణం సాంకేతిక సమస్యలని ఎన్‌పీసీఐ చెప్పింది. మీ ఖాతా చిన్న బ్యాంకులో ఉంటే వేరే బ్యాంకు ఖాతా ఒకటి కూడా యూపీఐకి కలిపి పెట్టుకోండి.

2. అక్కడే మూడు ఫొటోలు

యాప్‌లో ఎర్రర్ కనిపిస్తున్న స్క్రీన్‌షాట్ ఒకటి. యూపీఐ హిస్టరీలో ఆ చెల్లింపు తెరిచి, 12 అంకెల రెఫరెన్సు నంబరు, టైము కనపడేలా ఇంకొకటి. మూసి ఉన్న గేటు, దాని పక్కన బోర్డు, మీ బండి నంబరు ప్లేటు కలిసి వచ్చేలా మామూలు ఫొటో ఒకటి. నిమిషం పని. రేపు "మీరు కట్టకుండా వెళ్లారు" అని జరిమానా నోటీసు వచ్చినా, డబ్బు వెనక్కి అడగాల్సి వచ్చినా ఈ మూడే మీ సాక్ష్యం. బెంగళూరులో నేను మూడో ఫొటో తీయలేదు. ఆ గేటు దగ్గర నేను అంతసేపు ఆగానని చెప్పుకోవడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేకపోయింది.

3. గేటు దగ్గరి మనిషితో మర్యాదగా మాట్లాడండి

ఎండలో నిలబడి అందరి చేతా తిట్లు తినేది అతనే. సర్వరు ఎక్కడుందో అతనికి తెలియదు, గేటెత్తే నిర్ణయం అతనిది కాదు. "అన్నా, డబ్బు కట్టేశాను, ఇదిగో చూడు. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తావా?" అంటే పని అవుతుంది. సక్సెస్ అని ఉంటే మళ్లీ కట్టమన్నా కట్టనక్కర్లేదు. డబ్బు అసలు వెళ్లకపోతే నోట్లు ఇచ్చి, మామూలు కాగితం మీదైనా సరే బండి నంబరు, మొత్తం, తేదీ, సంతకం రాయించుకోండి. ఇందుకోసమే బండి డాష్‌బోర్డులోనో ఫోన్ పౌచ్‌లోనో రెండు వందలకు చిల్లర నోట్లు ఎప్పుడూ ఉంచుకోవాలి. నేను ఇప్పుడు ఇరవైలు, యాభైలు ఆర్సీ కాపీతో పాటు పెట్టుకుంటున్నాను.

గేట్లు ఎత్తేయడం పెద్ద పెద్ద ఊళ్లలోనూ జరిగిందే. 2016 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నగర రవాణా సంస్థ కంప్యూటర్లకు రాన్సమ్‌వేర్ సోకితే, టికెట్ మెషీన్లు ఆపేసి జనాన్ని ఉచితంగా ప్రయాణం చేయనిచ్చారు. కాబట్టి "గేటెత్తమని పైవాళ్లను అడుగు" అనడంలో తప్పేమీ లేదు.

4. పక్కన కనిపించే క్యూఆర్‌ను గోటితో గీకి చూడండి

యాప్ పనిచేయని రోజున దొంగలకు పండగ. "యాప్ పని చేయడం లేదు, ఇక్కడ స్కాన్ చేయండి" అని ఒక స్టిక్కర్ అతికిస్తే చాలు, తొందరలో ఉన్నవాళ్లు వరస కట్టి కట్టేస్తారు. 2022 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో 29 పార్కింగ్ మెషీన్ల మీద ఇలాంటి దొంగ క్యూఆర్ స్టిక్కర్లు దొరికాయి. ఆ ఊళ్లో పార్కింగ్ డబ్బులు క్యూఆర్‌తో తీసుకునే పద్ధతే లేదు, అయినా అవి వెలిశాయి. అంతకు కొన్ని వారాల ముందు శాన్ ఆంటోనియోలో వందకు పైగా దొరికాయి.

చేయాల్సింది ఇది. స్కాన్ చేసే ముందు క్యూఆర్ అంచు మీద గోరు నడపండి. అసలుదైతే అట్ట మీద గానీ, ప్లాస్టిక్ లోపల గానీ అచ్చై ఉంటుంది, గోరు జారిపోతుంది. మీద ఇంకొకటి అతికించి ఉంటే అంచు దగ్గర సన్నటి మెట్టు తగులుతుంది, మూలలో కొద్దిగా లేచి ఉంటుంది. ఎండకు వెలిసిన బోర్డు మీద క్యూఆర్ ఒక్కటే తెల్లగా మెరుస్తుంటే అనుమానించాల్సిందే.

స్కాన్ చేశాక మొత్తం కొట్టే ముందు స్క్రీన్ మీద పేరు చదవండి. 2025 జూన్ 30 నుంచి, డబ్బు అందుకునే ఖాతాకు బ్యాంకులో ఏ పేరుందో ఆ పేరే యూపీఐ యాప్‌లు చూపించాలి. పార్కింగ్ కాంట్రాక్టర్‌ది అనుకున్న చోట ఎవరిదో ముక్కూ ముఖం తెలియని పేరు వస్తే, "ఈ పేరు మీదేనా అన్నా?" అని స్టాండు అతన్ని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు, అతనికీ అది మేలే. స్కాన్ చేస్తే డబ్బు కట్టే స్క్రీన్ బదులు ఏదో వెబ్‌సైట్ తెరుచుకుని కార్డు నంబరు అడిగితే వెంటనే మూసేయండి.

5. కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకకండి

ఇది నేను షాపులో రోజూ చెప్పే మాట. దొంగలు తమ నంబర్లనే కస్టమర్ కేర్ పేరుతో ఇంటర్నెట్‌లో పెడతారు. ఫోన్ చేస్తే చాలా మర్యాదగా, తెలుగులోనే మాట్లాడతారు. "మీ 80 రూపాయలు రిఫండ్ చేస్తాం సార్, ఈ యాప్ ఒకటి వేసుకోండి, పిన్ కొట్టండి" అంటారు. డబ్బు రావడానికి పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదు. పిన్ కొట్టామంటే డబ్బు మన దగ్గరి నుంచి పోతోందని అర్థం. ఫోన్‌లో ఉన్న పార్కింగ్ యాప్ లోపలే హెల్ప్ అన్న చోట ఉన్న నంబరుకే చేయండి. బ్యాంకుదైతే డెబిట్ కార్డు వెనక అచ్చై ఉన్న నంబరు.

6. ఆ రాత్రే యాప్‌కూ మీ డబ్బుకూ ఉన్న తీగలు తెంచండి

దాడి అన్న మాట వినపడితే డేటా కూడా పోయిందనే అనుకుని పని చేయాలి. పార్కింగ్ యాప్‌ల విషయంలో ఇది ఊరికే భయపెట్టడం కాదు. 2021లో అమెరికాలో పార్క్‌మొబైల్ అనే యాప్ నుంచి 2.1 కోట్ల మంది వివరాలు బయటపడ్డాయి. ఈమెయిల్, ఫోన్ నంబరు, బండి నంబరు అన్నీ అందులో ఉన్నాయి. యూరప్‌లో ఈజీపార్క్ నుంచి 2023 డిసెంబరులో పేర్లు, ఫోన్లు, చిరునామాలు, కొందరి కార్డు నంబర్లలో కొన్ని అంకెలు పోయాయి. పార్క్‌మొబైల్ కేసు 3.28 కోట్ల డాలర్ల పరిహారంతో ముగిసినా, చాలామందికి చివరికి దక్కింది ఆ యాప్‌లోనే వాడుకోవాల్సిన ఒక డాలరు. కాబట్టి మన జాగ్రత్త మనమే పడాలి.

ముందు పాస్‌వర్డ్ మార్చండి. అదే పాస్‌వర్డ్ ఈమెయిల్‌కు కూడా పెట్టి ఉంటే అక్కడా మార్చండి, ఈమెయిల్‌దే ముందు. యాప్‌లో సేవ్ చేసిన కార్డు తీసేయండి. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోట ఈ పార్కింగ్ కంపెనీకి దానంతటదే డబ్బు కోసుకునే అనుమతి ఉందేమో చూసి రద్దు చేయండి, చాలామంది మర్చిపోయేది ఇదే. యాప్ వాలెట్‌లో డబ్బు మిగిలి ఉంటే దాడి సర్దుకున్నాక వాడేసుకోండి, మళ్లీ పెద్ద మొత్తం వేయకండి.

డేటా పోతే కంపెనీయే మనకు చెప్పాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అంటోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి కానీ, కంపెనీల బాధ్యతల్లో ఎక్కువ భాగానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఎవరో చెబుతారని ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

7. మీ బండి నంబరుతో వచ్చే చలాన్

నాకు అన్నిటికంటే భయం దీని గురించే.

నాకొచ్చిన మెసేజ్ ఇలా ఉంది. తెలియని పదంకెల నంబరు. ప్రొఫైల్ ఫొటోలో ప్రభుత్వ చిహ్నం. ఇంగ్లిష్‌లో నా పేరు, ఆ కింద ఏపీ 39తో మొదలయ్యే మా కారు నంబరు, సిగ్నల్ దాటారని ఒక వాక్యం, వెయ్యి రూపాయలు. కింద ఒక ఫైలు, పేరు చలాన్ అనే ఉంది, చివర మాత్రం ఏపీకే అన్న మూడక్షరాలు. ఆ మూడక్షరాలుంటే అది కాగితం కాదు, ఫొటో కాదు, ఫోన్‌లోకి ఎక్కే యాప్. నొక్కితే "తెలియని చోటి నుంచి ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతిస్తారా" అని అడుగుతుంది, ఆ తర్వాత మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. అది ఇచ్చామా, మన ఓటీపీలు మనకంటే ముందు వాళ్లకు చేరతాయి.

మామూలుగా ఇలాంటివి గాలంలా అందరికీ వేస్తారు, చాలామంది నమ్మరు. బండి నంబరు సరిగ్గా ఉంటే మాత్రం చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు. పాతూరు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ నాతో అన్నది ఇదే: "నా స్కూటీ నంబరు వాళ్లకెట్ల తెలుస్తుందన్నా? అందుకే పోలీసులే అనుకున్నా." మన నంబరు మనకూ పోలీసులకూ మాత్రమే తెలుసనే నమ్మకం ఇక వదిలేయాలి.

చలాన్ నిజమో కాదో చూడాలంటే మెసేజ్‌లో ఉన్నది ఏదీ నొక్కకుండా, బ్రౌజర్‌లో ఈచలాన్ డాట్ పరివాహన్ డాట్ గవ్ డాట్ ఇన్ అని మీరే కొట్టి బండి నంబరుతో వెతకండి. అది చేతకాకపోతే ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కు వెళ్లి అడగండి. దొంగ మెసేజ్‌ను కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలోని చక్షు విభాగంలో ఫిర్యాదు చేయొచ్చు.

పొరపాటున నొక్కేస్తే ఆలోచిస్తూ నిలబడొద్దు. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపి, సిమ్ తీసేయండి. పక్కవాళ్ల ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. ఆ తర్వాతే ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించడం. ఉత్త అన్‌ఇన్‌స్టాల్ చేసి సరిపెట్టుకోవద్దు, కొన్ని దొంగ యాప్‌లు గుర్తు కూడా కనపడకుండా దాక్కుంటాయి.

8. డబ్బు పోతే గడియారం చూసుకుని పరుగెత్తండి

1930కి ఫోన్ చేయండి. ఇది కేంద్ర హోంశాఖ సైబర్ మోసాల నంబరు. మీ ఖాతా నంబరు, పోయిన మొత్తం, తేదీ, టైము, ఆ 12 అంకెల నంబరు చేతిలో పెట్టుకుని చేయండి. లైన్ దొరక్కపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పెట్టండి. దొంగ ఆ డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చుకుంటూ పోతాడు, దారిలో పట్టుకుంటేనే ఆపగలరు. సాయంత్రం పోతే మర్నాడు పొద్దున వచ్చేవాళ్లే నా దగ్గరికి ఎక్కువ. ఇంట్లో తెలిస్తే తిడతారని దాస్తారు. తిట్లు తర్వాత తినొచ్చు, ముందు ఫోన్ చేయండి.

బ్యాంకుకు కూడా వెంటనే రాతపూర్వకంగా చెప్పండి, రసీదు తీసుకోండి. 2017 జులై 6న ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు బ్యాంకుదీ మీదీ కాక మధ్యలో ఎక్కడో జరిగి, బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 3 పని రోజుల్లో మీరు చెబితే మీ మీద భారం సున్నా. 4 నుంచి 7 పని రోజుల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా మీరు భరించాలి. పిన్, ఓటీపీ మీరే ఇచ్చి ఉంటే బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మీదే, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుది. అందుకే ప్రతి నిమిషానికీ విలువ.

9. పార్కింగ్ డబ్బు వెనక్కి

ఖాతాలో కోత పడి, కట్టినట్టు అవతలి వ్యాపారికి నిర్ధారణ అందకపోతే 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. ఇది 2019 సెప్టెంబరు 20 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్. నాలాగా మూడుసార్లూ సక్సెస్ అని పడితే మాత్రం బ్యాంకు చేసేదేమీ లేదు, పార్కింగ్ కంపెనీనే అడగాలి. నేను మూడు రెఫరెన్సు నంబర్లు, స్క్రీన్‌షాట్లు జతచేసి యాప్‌లోనే ఫిర్యాదు పెట్టాను. పదిహేడు రోజులకు 160 వచ్చాయి. బ్యాంకు వైపు లోపమై 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు, ఫోన్ 14448.

స్టాండు నడిపే అన్నలకు

పొద్దున బండ్లు రాకముందే మీ క్యూఆర్‌ను వేరేవాళ్ల ఫోన్‌తో స్కాన్ చేయించి ఒక రూపాయి పంపించుకుని, మీ పేరే వస్తోందా, సౌండ్ బాక్స్ పలుకుతోందా చూసుకోండి. క్యూఆర్ మీద ఒక మూలకు అడ్డంగా మీ సంతకం పెట్టి లామినేట్ చేయించండి, పైన ఇంకొకటి అతికిస్తే సంతకం కనపడదు కాబట్టి దూరం నుంచే తెలిసిపోతుంది. యాప్‌లు, మెషీన్లు ఎన్ని వచ్చినా చీటీ పుస్తకం ఒకటి మానొద్దు. ఇంకో మాట. నెల పాస్‌ల రిజిస్టరులో మీరు రాసుకునే పేరు, ఫోన్ నంబరు, బండి నంబరే ఆ దొంగ చలాన్‌కు కావాల్సిన సరుకు. ఒక్క ఫొటో తీసుకుంటే చాలు వాళ్లకు. టీకి వెళ్లినప్పుడు దాన్ని బల్ల మీద తెరిచి వదిలేయకండి, రాత్రి మూసేటప్పుడు సొరుగులో పెట్టి తాళం వేయండి.